పదికి పది

మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటాం. షుగరు ఎంతుందో, బీపీ మాత్ర ఏ రంగుదో, ఎవరికి గర్భసంచి తీశారో, ఎవరికి స్టెంట్ వేశారో పెళ్లిళ్లలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని పూసగుచ్చినట్టు చెప్పుకుంటాం. కానీ దగ్గినప్పుడో, తుమ్మినప్పుడో, పకపకా నవ్వినప్పుడో చీరకి తడి తగులుతోందని మాత్రం ఎవరూ చెప్పరు. మా అత్తయ్య కూడా చెప్పలేదు. పదకొండేళ్లు చెప్పలేదు.

ఇది రాయడానికి ముందు ఆవిణ్ణే అడిగాను. "నా పేరు వెయ్యకు, మిగతాదంతా రాయి. ఇంకో నలుగురు ఆడాళ్లు చదువుకుంటారు" అన్నారు. అందుకని రాస్తున్నాను.

ఆ పదకొండేళ్లలో మాకు కనిపించినవన్నీ వేరే కారణాలుగానే కనిపించాయి. బస్సు ప్రయాణం ఉందంటే పొద్దుటి నుంచీ మంచినీళ్లు ముట్టేవారు కాదు. "వాంతి అవుతుందేమో" అనేవారు. ఎప్పుడూ ముదురు రంగు చీరలే. ఫంక్షన్ హాల్లో ఎంత ముందు కుర్చీ చూపించినా వెళ్లి చివర, బాత్రూం దారిలో కూర్చునేవారు. మా గృహప్రవేశానికి సత్యనారాయణ వ్రతం పీటల మీద కూర్చోమంటే "మోకాళ్లు వంగవు, మీరు కూర్చోండి" అన్నారు. కార్తీక మాసంలో గుడికి వెళ్లడం కూడా మానేశారు. ఒంటి మీద తడితో దేవుడి ముందుకు ఎలా వెళ్లను అన్నది ఆవిడ బాధ. ఆ సంగతి మాకు తెలిసింది చాలా తర్వాత.

బయటపడింది మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు. మామూలు ప్రశ్నల మధ్యలో ఆవిడ తల ఎత్తకుండానే "దగ్గితే లీకవుతుందా అమ్మా?" అని అడిగారు. అత్తయ్య నా వైపు చూసి, తల దించుకుని, అవునన్నట్టు ఊపారు. అంతే. పదకొండేళ్ల కథ ఒక తల ఊపుతో బయటికొచ్చింది.

దీన్ని స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అంటారట. స్ట్రెస్ అంటే మనసు మీద ఒత్తిడి కాదు, పొత్తికడుపు మీద పడే ఒత్తిడి. కాన్పులప్పుడు సాగిపోయిన కింది కండరాలు, ముట్లు ఆగాక ఇంకా బలం తగ్గి, దగ్గు వచ్చినా బకెట్టు ఎత్తినా మూత్రనాళాన్ని బిగించి పట్టుకోలేవు. దానికి మొదటి వైద్యం ఆపరేషన్ కాదు, వ్యాయామం. కీగెల్ అనే అమెరికన్ డాక్టరు 1948లో రాసిన పద్ధతి, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని, ఒక్కోసారి కనీసం 8 బిగింపులు చొప్పున రోజుకి మూడుసార్లు, మూడు నెలలు చెయ్యాలి. అత్తయ్య నాలుగు నెలలు చేశారు. కొంత తగ్గింది కానీ సరిపోలేదు. అప్పుడే ఆపరేషన్ మాట వచ్చింది.

ఆపరేషన్‌లో రెండు దారులు చెప్పారు. ఒకటి, మూత్రనాళం కింద సన్నటి ప్లాస్టిక్ జాలీ పట్టీ వెయ్యడం. రెండోది, పొట్ట కింది భాగంలో కండరం మీద ఉండే గట్టి పొర నుంచే ఒక ముక్క తీసి, దాన్నే ఉయ్యాలలా వెయ్యడం. మొదటిది చిన్న ఆపరేషన్, త్వరగా కోలుకుంటారు. రెండోదానికి కోత పెద్దది, మొదట్లో మూత్రం సాఫీగా రాక ఇబ్బంది పడే అవకాశం కూడా ఎక్కువ. అన్నీ విని అత్తయ్య "చీరలో గుడ్డే జాకెట్టుకి కత్తిరించినట్టు నా ఒంట్లోదే నాకు కుట్టెయ్యండి" అన్నారు. డాక్టరమ్మ నవ్వారు. ఆ నవ్వుకి అత్తయ్య కూడా నవ్వబోయి, ఆపుకున్నారు. ఎందుకు ఆపుకున్నారో ఆ గదిలో ఉన్న ముగ్గురు ఆడవాళ్లకీ తెలుసు.

ఆపరేషన్‌కి ముందే డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చారు. ఎప్పుడు ఎంత తాగారు, ఎప్పుడు ఎంత పోశారు, ఎప్పుడు తడిసింది, అప్పుడు ఏం చేస్తున్నారు అని నాలుగు గళ్లు. ఆపరేషన్‌కి ముందు మూడు రోజులు, తర్వాత రోజూ రాయమన్నారు. ఇంటికి రాగానే అత్తయ్య ఆ కాగితాన్ని నా చేతిలో పెట్టేశారు. "ఇది ఎక్కడ దాచుకోను అమ్మాయ్? మీ మావయ్య కళ్లజోడు వెతుక్కుంటూ నా పరుపు కింద కూడా చూస్తారు." మావయ్యగారికి గర్భసంచి జారిందని మాత్రమే చెప్పారట. ఇది చెప్పలేదట.

అందుకే యాప్. ఆవిడ ఫోనుకి లాక్ ఉంది. ప్రవచనాలు వినడానికి, మనవళ్ల ఫొటోలు చూడటానికి వాడుతూనే ఉన్నారు. ఆ ఇంట్లో ఆవిడకి సొంతంగా తాళం వేసుకునే వస్తువు అదొక్కటే అని అప్పుడు గమనించాను. బీరువా తాళాలు కూడా మావయ్యగారి మొలతాడుకే ఉంటాయి మరి.

బ్లాడర్ డైరీ అని వెతికితే చాలా యాప్‌లు వచ్చాయి. మొదటిది తెరవగానే ఈమెయిలు అడిగింది, కాంటాక్టులు అడిగింది, లొకేషన్ అడిగింది. "ఒంటికెళ్లడానికి లొకేషన్ దేనికమ్మా?" అన్నారు అత్తయ్య. ఆ ప్రశ్న కంటే మంచి ప్రశ్న ఇంకొకటి ఉండదు. తీసేశాం. రెండోది బాగానే ఉంది కానీ, గంటకోసారి తెర మీద పెద్ద అక్షరాలతో మూత్రం వివరాలు నమోదు చెయ్యమని గుర్తుచేస్తుంది. ఆ ఫోనులో మా చిన్నాడు కార్టూన్లు చూస్తాడు. అదీ తీసేశాం. మూడోదానికి పేరు అక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు, రాసిందంతా ఫోనులోనే ఉంటుంది, కావాలంటే పీడీఎఫ్‌గా తీసి పంపుకోవచ్చు. నోటిఫికేషన్లు ఆపేసి అదే ఉంచాం.

దానికీ తెలుగు రాదు. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, ఏడో తరగతి దాకా చదువుకున్నారు. కానీ బొమ్మలు ఉన్నాయి. గ్లాసు బొమ్మ అంటే తాగింది, కుండీ బొమ్మ అంటే పోసింది, నీటిచుక్క అంటే తడిసింది. చుక్కల్లో చిన్నది, మధ్యది, పెద్దది. కింద రాసుకునే చోట మాత్రం తెలుగు పడుతుంది. అక్కడ ఆవిడే మాటలు పెట్టుకున్నారు: తుమ్ము, దగ్గు, బకెట్టు, మెట్లు, నవ్వు.

కొలతలకి అరలీటరు ప్లాస్టిక్ జగ్గు ఒకటి కొన్నాం. వంటింట్లోది అనుకుని ఎవరూ తీసుకోకుండా దాని పిడికి ఎర్ర దారం కట్టి బాత్రూంలో పెట్టాం. తాగే గ్లాసులు కూడా ఒకసారి కొలుచుకున్నాం. మా స్టీలు గ్లాసు 200 మి.లీ., కాఫీ గ్లాసు 120. మజ్జిగా లెక్కే, కాఫీ టీలూ లెక్కే.

మూడు రోజుల లెక్క చూస్తే కడుపు తరుక్కుపోయింది. రోజుకి ఏడెనిమిది సార్లు వెళ్లడం మామూలట. ఆవిడ పదమూడు, పద్నాలుగు సార్లు వెళ్తున్నారు. అవసరమై కాదు, భయంతో. నిండితే జారుతుందని నిండనివ్వడమే లేదు. రోజంతా కలిపి తాగేది ముప్పావు లీటరు. చుక్కలు రోజుకి అయిదు, ఆరు. వాటి పక్కన ఎక్కువసార్లు ఉన్న మాట 'నవ్వు'. మా పిల్లలు నాయనమ్మని నవ్విస్తూ ఉంటారు.

ఆసుపత్రిలో ఒక ప్రశ్నల పట్టీ కూడా నింపించారు. ఎంత తరచుగా తడుస్తుంది, ఎంత తడుస్తుంది, మీ రోజువారీ జీవితానికి ఇది ఎంత అడ్డం అని మూడు ప్రశ్నలకి మార్కులు. మొత్తం 21. తక్కువ వస్తే మంచిది. చాలా దేశాల్లో ఇదే వాడతారట. మూడో ప్రశ్నకి సున్నా నుంచి పది దాకా ఎంతైనా వెయ్యొచ్చు. ఎవరైనా బాధ ఎంత అని అడిగితే "ఆఁ, పర్లేదులే" అనే మనిషి అత్తయ్య. జ్వరం నూట రెండు ఉన్నా పర్లేదులే. ఈ ప్రశ్న చదివి వినిపిస్తే కాసేపు గోడ వైపు చూసి "పదికి పది వెయ్యి" అన్నారు. వ్రతం పీటలూ, గుడి, ముదురు చీరలూ అన్నీ అప్పుడే చెప్పారు. నోటితో అడిగితే రాని జవాబు, అంకె అడిగితే వచ్చింది. మొత్తం పద్దెనిమిది.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజు మూత్రం గొట్టం తీసి, స్కానులో లోపల ఎంత మిగిలిందో చూసి, ఫర్వాలేదని ఇంటికి పంపారు. ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు, అంటే నీళ్ల బకెట్టు, బియ్యం డబ్బా, మనవడు అన్నీ బరువులే. కింద గొంతుక్కూర్చోకూడదు. మలబద్ధకం రానివ్వకూడదు. జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువ కనిపించినా, మూత్రం అసలు రాకపోయినా, కొంచెం కొంచెంగా మాటిమాటికీ వస్తూ ఖాళీ అయినట్టు అనిపించకపోయినా వెంటనే ఫోన్ చెయ్యాలి. ఈ చివరి మాట కింద నేనొక గీత గీశాను.

ఇంటికొచ్చిన మూడో రోజు రాత్రి, అన్నాలు అయ్యాక, అలవాటు ప్రకారం ఇద్దరం యాప్ తెరిచాం. చుక్కలు ఒక్కటీ లేవు. అత్తయ్య మొహం వెలిగిపోయింది. "చూశావా, ఒక్కసారి కూడా తడవలేదు. బాగానే పోతోంది కూడా." యాప్ కూడా సంబరపడిపోయింది. ఆ రోజు వివరాలన్నీ నింపినందుకు తెర మీద రంగుకాగితాలు ఎగరేసి అభినందనలు చెప్పింది.

నేను అంకెలు చూశాను. 60. 50. 70. 40. మళ్లీ 60. పొద్దుటి నుంచి పదహారు సార్లు. కూడితే తొమ్మిది వందలు కూడా లేదు. తాగింది చూస్తే పదిహేడు వందలు. ఎండాకాలమూ కాదు, చెమటపట్టే పనీ లేదు. మరి మిగతాది ఎక్కడుంది? "అత్తయ్యా, పోసి వచ్చాక ఇంకా ఉన్నట్టు అనిపిస్తోందా?" అంటే, "కొంచెం బిగువుగా ఉంది. ఆపరేషన్ కదా, ఉంటుందిలే అనుకున్నాను" అన్నారు. పర్లేదులే మనిషి కదా.

ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ అంకెలే చదివి వినిపించాను. నొప్పి ఉందా, జ్వరం ఉందా అని అడిగి, వెంటనే రమ్మన్నారు. స్కానులో పోసిన తర్వాత కూడా 350 మి.లీ. లోపలే ఉంది. అలా నిండిపోతూ ఉంటే సంచి కండరం సాగి బలం తగ్గిపోతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఇంకా ముదిరితే కిడ్నీల మీద ఒత్తిడి పడుతుంది అన్నారు. మళ్లీ గొట్టం వేసి అయిదు రోజులు ఉంచారు. తీసేశాక సాఫీగా వచ్చింది. ఒక్కోసారికి 250, 300. కుట్టు వాపు తగ్గేదాకా కొంతమందికి ఇలా అవుతుందట, ముఖ్యంగా ఈ రకం ఆపరేషన్‌లో.

ఆ రాత్రి నుంచి నాకు ఒకటి బాగా అర్థమైంది. యాప్ లెక్క రాస్తుంది, లెక్క చదవదు. మేం వాడిన దానికి తెలిసిందల్లా గళ్లు నిండాయా లేదా అన్నదే. చుక్కలు లేవు కాబట్టి గీత కిందికి దిగింది, దిగింది కాబట్టి అభినందనలు. చదవడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి, ఏది చూడాలో ఆ మనిషికి డాక్టరు ముందే చెప్పి ఉండాలి. అలాగని యాప్ లేకపోతే? "బాగానే పోతోంది" అన్న మాటే నాకు దొరికేది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, పదకొండేళ్ల తర్వాత పొడిగా ఉన్న చీరని చూసుకుంటున్నారు. అంకెలు మాత్రం ఆవిడ సర్దుకుపోయే గుణాన్ని పట్టించుకోలేదు.

ఈ రాసుకోవడం ఎంత పెద్ద విషయమో బ్రిటన్ ఆడవాళ్ల కథ చదివితే తెలుస్తుంది. నేను పైన చెప్పిన ప్లాస్టిక్ జాలీ పట్టీ 1990లలో స్వీడన్ నుంచి వచ్చింది. చాలామందికి మేలు చేసింది. కానీ కొందరికి ఏళ్ల తరబడి నొప్పి, జాలీ లోపల కోసుకుపోవడం లాంటివి వచ్చాయి. చెప్పుకుంటే ఎవరూ నమ్మలేదు, అది వయసు వల్ల, అది నీ ఊహ అన్నారు. వాళ్లంతా కూడి పోరాడితే 2018 జులైలో అక్కడ ఆ ఆపరేషన్లని చాలావరకు ఆపేశారు. 2020లో బారొనెస్ కంబర్లెజ్ అనే ఆవిడ నాయకత్వంలో వచ్చిన విచారణ నివేదిక, ఆడవాళ్ల మాట విననే లేదని గట్టిగా చెప్పింది. ఎంతమందికి ఈ జాలీలు వేశారో, తర్వాత వాళ్లు ఎలా ఉన్నారో సరైన లెక్కే లేదనీ, అందరి వివరాలూ ఒకచోట నమోదు చెయ్యాలనీ చెప్పింది. ఆ దేశంలోనే లెక్క లేకపోతే మన ఇళ్లల్లో ఎక్కడుంటుంది? అందుకే మన లెక్క మనం రాసుకోవాలి అంటాను. కాగితం మీదైనా సరే, ఫోనులోనైనా సరే.

ఆరో వారం చెకప్‌కి పీడీఎఫ్ ప్రింటు తీసి పట్టుకెళ్లాం. డాక్టరమ్మ రెండు నిమిషాల్లో చదివేసి, వేలు పెట్టి అడిగారు, "ఇక్కడ మూడో వారంలో ఒక చిన్న చుక్క ఉంది, పక్కన దగ్గు అని ఉంది?" నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకున్నారు. "పచ్చడి ఘాటు అమ్మా. పొలమారింది. అదొక్కటే, మళ్లీ లేదు." ఏడాది క్రితం తల ఊపి ఊరుకున్న మనిషి. ఆ కాగితం ఆవిడ రాసింది, అందులో మాటలు ఆవిడవి. అందుకే జవాబు కూడా ఆవిడదే అయింది.

మూడో నెలలో మళ్లీ ఆ ప్రశ్నల పట్టీ నింపారు. పద్దెనిమిది కాస్తా నాలుగైంది. జీవితానికి ఎంత అడ్డం అంటే ఒకటి వేశారు. సున్నా ఎందుకు వెయ్యలేదు అంటే, "కొత్త చోటికి వెళ్తే కళ్లు ఇంకా ముందు బాత్రూం కోసమే వెతుకుతాయి. అది పోవడానికి టైం పడుతుంది" అన్నారు. ఇక రోజూ రాయక్కర్లేదు, చెకప్‌కి వచ్చే ముందు మూడు రోజులు రాస్తే చాలన్నారు డాక్టరమ్మ. అదీ మంచిదే. రోజంతా ఒంటినే కొలుచుకుంటూ కూర్చుంటే లేని జబ్బు కూడా ఉన్నట్టే ఉంటుంది.

మావయ్యగారికి ఇప్పుడు తెలుసు. గొట్టంతో రెండోసారి ఇంటికొచ్చినప్పుడు అత్తయ్యే చెప్పేశారు. ఆయన చాలాసేపు ఏమీ అనలేదట. మర్నాడు పొద్దున్న మాత్రం ఎవరూ చెప్పకుండానే బకెట్టులో నీళ్లు నింపి బాత్రూంలో పెట్టారు. ఆరు వారాలూ పెట్టారు.

ఒక రోజు మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే అత్తయ్య ఉన్నట్టుండి అడిగారు. "నీకేమైనా ఉందా అమ్మాయ్?" మా చిన్నది స్కిప్పింగ్ ఆడదాం రమ్మంటే నేను ఎప్పుడూ ఏదో పని చెప్పి తప్పించుకోవడం ఆవిడ చూశారట. రెండో కాన్పు దగ్గర్నుంచీ ఉంది అని చెప్పాను. ఈ మాట నేను మా అమ్మకి కూడా చెప్పలేదు. ఆవిడ ఆశ్చర్యపోలేదు, "పదకొండేళ్లు ఆగకు" అన్నారంతే.

ఆపరేషన్ దాకా వెళ్లే పరిస్థితి కాదని, వ్యాయామం చెయ్యమని డాక్టరమ్మ చెప్పారు. దానికీ యాప్‌లు ఉన్నాయి. స్వీడన్‌లో ఉమెయో యూనివర్సిటీ వాళ్లు 'టేట్' అని ఒకటి చేశారు, దాంతో ఇంట్లోనే వ్యాయామం చేసిన ఆడవాళ్లకి నిజంగానే తగ్గిందని పరిశోధన చేసి 2017లో ప్రచురించారు. బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టులు చేసిన 'స్క్వీజీ' ఉంది. ఏది బిగించాలో ఒకసారి మనిషి దగ్గర నేర్చుకుంటే, చెయ్యమని గుర్తుచేసే పని ఫోను చేస్తుంది. నాకైతే ఫోను కూడా అక్కర్లేదు. సాయంత్రం దీపం పెట్టొచ్చి అత్తయ్య సోఫాలో కూర్చుని "రా, ఎనిమిది" అంటారు. టీవీ చూస్తూనే ఇద్దరం ఎనిమిది లెక్కపెట్టుకుంటాం. పిల్లలకి మేం సీరియల్ చూస్తున్నట్టే ఉంటుంది.

మీ ఇంట్లో ఎవరైనా ప్రయాణం అంటే నీళ్లు మానేస్తుంటే, పీటల మీద కూర్చోమంటే మోకాళ్లు అంటుంటే, నవ్వబోయి ఆపుకుంటుంటే, ఒకసారి పక్కన కూర్చుని మెల్లగా అడిగి చూడండి. నోటితో చెప్పలేకపోతే పదికి ఎంత అని అడగండి.